ఎలుకలో తగ్గిన పాలిప్‌లు మనిషిలో ఎందుకు తగ్గవు?

పెద్దపేగు క్యాన్సర్ మీద ఫోన్లలో తిరిగే వార్తల్లో మందు పేరు మారుతుంది, దేశం పేరు మారుతుంది, ఎలుక మాత్రం అలాగే ఉంటుంది. ఫలానా పదార్థం ఇస్తే ఎలుకల్లో గడ్డలు కరిగిపోయాయని ఒక నెల చదువుతాం. మనుషుల మీద అదే మందు పనిచేయలేదన్న కబురు ఎప్పుడో పదేళ్లకు వస్తుంది, అప్పటికి మొదటి వార్త ఎవరికీ గుర్తుండదు. మనుషుల మీదే జరిగిన పరీక్షలు కూడా గందరగోళం రేపుతుంటాయి. 2022 జూన్‌లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆస్పత్రి డాక్టర్లు డోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (శరీరపు సొంత రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనేలా చేసేది) ఫలితాలు ప్రకటించారు. చికిత్స పూర్తయిన తొలి 12 మంది పురీషనాళ (పెద్దపేగు చివరి భాగపు) క్యాన్సర్ రోగుల్లో అందరికీ కణితి కనిపించకుండా పోయింది. 'క్యాన్సర్‌కు మందు దొరికింది' అన్న శీర్షికలు తెలుగులోనూ వచ్చాయి. అయితే ఆ 12 మందిదీ ఒక ప్రత్యేకమైన రకం. డీఎన్‌ఏలో దొర్లే తప్పులను సరిచేసే వ్యవస్థ వాళ్ల కణితుల్లో చెడిపోయి ఉంది. పురీషనాళ క్యాన్సర్లలో ఈ రకం 5 నుంచి 10 శాతమే.

ఎలుక వార్త అయినా, మనిషి వార్త అయినా ముందుగా అడగాల్సింది ఒకటే: ఏ రకం క్యాన్సర్? ఎలుక విషయంలో ఈ ప్రశ్నకు బరువు ఇంకా ఎక్కువ. ఎందుకంటే ఆ క్యాన్సర్‌ను అక్కడ పెట్టింది శాస్త్రవేత్తే.

క్లుప్తంగా

మనిషి పెద్దపేగు క్యాన్సర్‌లో దెబ్బతినే జన్యువులనే ఎలుకలో కావాలని మార్చి, ఆ జబ్బు ఎలా మొదలై ఎలా ముదురుతుందో చూడటం గత 35 ఏళ్లుగా జరుగుతోంది. ఒక్కో ఎలుక ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పడానికి తయారైంది. ఆ ప్రశ్న వరకు దాని సాక్ష్యం గట్టిదే, దాటితే బలహీనం. ఎక్కువ ఎలుకలు ఏపీసీ అనే ఒక్క జన్యువు చుట్టూ తయారయ్యాయి. భారతీయ యువ రోగుల పురీషనాళ క్యాన్సర్లలో చాలావాటికి ఆ దారి వర్తించకపోవచ్చని హైదరాబాద్ పరిశోధనలు సూచిస్తున్నాయి. అందుకే ఈ చర్చ ఇక్కడివాళ్లకూ సంబంధించినదే.

అన్ని ఎలుకలూ ఒకటి కావు

వార్తలో 'ఎలుకల మీద పరీక్షించారు' అని ఉంటే దాని వెనక కనీసం మూడు వేర్వేరు పద్ధతులు ఉండొచ్చు.

మొదటిది రసాయనాలతో జబ్బు తెప్పించడం. అజాక్సీమీథేన్ ఇంజెక్షన్ చేసి, తాగే నీళ్లలో డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ కలిపితే మామూలు ఎలుకకూ పెద్దపేగు వాచి, కొన్ని వారాల్లో కణితులు వస్తాయి. పెద్దపేగులో ఏళ్ల తరబడి వాపు ఉన్నవారికి వచ్చే క్యాన్సర్‌ను అర్థం చేసుకోవడానికి ఇది పనికొస్తుంది. రెండోది, రోగనిరోధక శక్తి లేని ఎలుక చర్మం కింద మనిషి క్యాన్సర్ కణాలను నాటడం. చవక, త్వరగా అయిపోతుంది, గడ్డను బయటి నుంచే స్కేలుతో కొలవచ్చు. కొత్త మందుల వార్తల్లో చాలావరకు ఈ ఎలుకే ఉంటుంది. పేగులో పుట్టాల్సిన జబ్బు నడుము పక్కన చర్మం కింద, అదీ శరీరం ఎదురుతిరగని చోట పెరుగుతుందన్నది దీని ప్రధాన లోపం. ఇమ్యునోథెరపీని ఇలాంటి ఎలుకలో పరీక్షించడం దాదాపు అర్థం లేని పని.

మూడోది ఈ వ్యాసం విషయం. ఎలుక సొంత జన్యువుల్లోనే మార్పు చేస్తారు. కణితి దాని సొంత పేగులో, సొంత కణాల నుంచి, దాని రోగనిరోధక వ్యవస్థ చూస్తుండగానే పుడుతుంది. ఖర్చు ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ కావాలి.

పేగు గోడలో ఏం జరుగుతుంది

పేగు లోపలి పొర శరీరంలో అత్యంత వేగంగా మారిపోయే వాటిలో ఒకటి. మూడు నుంచి ఐదు రోజుల్లో పాత కణాలు రాలిపోయి కొత్తవి వస్తాయి. ఈ కొత్త కణాలు పుట్టేది గోడలో ఉండే సన్నని గుంటల అడుగున. ఆ గుంటలను క్రిప్ట్‌లు అంటారు. అడుగున ఉన్న మూలకణాలు విభజన చెందుతూ ఉంటే, పుట్టిన కణాలు పైకి జరుగుతూ విభజన ఆపేసి, తమ పని చేసి, రాలిపోతాయి.

ఎక్కడ విభజించాలి, ఎక్కడ ఆపాలి అన్నది వింట్ అనే సంకేత మార్గం చేతిలో ఉంటుంది. ఆ సంకేతాన్ని కణం లోపలికి మోసేది బీటా కెటెనిన్ అనే ప్రోటీన్. సంకేతం లేనప్పుడు బీటా కెటెనిన్‌ను పట్టుకుని నాశనం చేసే బృందంలో ఏపీసీ ముఖ్య సభ్యుడు. ఏపీసీ జన్యువు రెండు ప్రతులూ చెడిపోతే బీటా కెటెనిన్ పోగుపడి, సంకేతం లేకపోయినా ఉన్నట్టే కణం ప్రవర్తిస్తుంది. పైకి జరిగి రాలిపోవాల్సిన కణం అక్కడే ఉండి విభజిస్తూ పోతుంది. అదే పాలిప్‌కు, అంటే పేగు లోపలి పొర మీద లేచే బుడిపెకు, మొదలు.

పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 80 శాతంలో ఏపీసీ మ్యుటేషన్ (జన్యువులో వచ్చిన మార్పు) కనిపిస్తుంది. ఆ తర్వాత కేరాస్, పీ53 వంటి జన్యువులు ఒకటొకటిగా దెబ్బతింటూ పాలిప్ క్యాన్సర్‌గా మారుతుందని 1990లో ఎరిక్ ఫియరాన్, బెర్ట్ వోగెల్‌స్టీన్ ప్రతిపాదించారు. మనిషిలో ఈ ప్రయాణానికి పదేళ్లో అంతకంటే ఎక్కువో పడుతుంది. రెండు మూడేళ్లు బతికే ఎలుకలో దాన్ని చూడాలంటే కొన్ని మెట్లు ముందే ఎక్కించి ఉంచాలి. జన్యుమార్పిడి ఎలుక చేసేది సరిగ్గా అదే.

రక్తం తక్కువైన ఎలుకలు

మొదటి ముఖ్యమైన ఎలుక ఎవరూ ప్లాన్ చేసి తయారు చేసింది కాదు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో విలియం డవ్ బృందం ఈఎన్‌యూ అనే రసాయనంతో ఎలుకల్లో యాదృచ్ఛికంగా మ్యుటేషన్లు తెప్పించి, ఏ తేడాలు వస్తాయో చూస్తోంది. ఒక వంశంలో పెద్దయిన ఎలుకలు రక్తహీనతతో పాలిపోతున్నాయి. ఆ లక్షణం పిల్లలకూ వస్తోంది. కోసి చూస్తే పేగు నిండా పాలిప్‌లు, వాటి నుంచి రక్తం కారడం వల్లే ఆ పాలిపోవడం. 1990లో దీన్ని ప్రకటించి 'మిన్' ఎలుక అని పేరు పెట్టారు.

మరుసటి ఏడాది, అంటే 1991లో, వంశపారంపర్యంగా పెద్దపేగులో వందలు, వేలుగా పాలిప్‌లు వచ్చే కుటుంబాల్లో ఏపీసీ జన్యువును గుర్తించారు. 1992లో మిన్ ఎలుకలో చెడిపోయింది కూడా అదే జన్యువని తేలింది. మనిషి జబ్బు, ఎలుక జబ్బు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే జన్యువు దగ్గర కలవడం ఆ రంగానికి పెద్ద మలుపు. మిన్ ఎలుకకు పుట్టుకతో ఒక ప్రతి చెడి ఉంటుంది. బతికుండగా ఏ కణంలో రెండో ప్రతి పోతే అక్కడ పాలిప్ మొదలవుతుంది. రెండు ప్రతులూ పుట్టకముందే పోతే పిండమే నిలవదు. సంతతి పెంచేటప్పుడు సాధారణంగా మగ మిన్ ఎలుకను మామూలు ఆడ ఎలుకతో జతకట్టిస్తారు, ఎందుకంటే రక్తం తక్కువైన తల్లి పిల్లలను సాకలేదు.

అయితే తేడాలు కూడా మొదటి నుంచే ఉన్నాయి. మనిషిలో ఈ జబ్బు పెద్దపేగుది. మిన్ ఎలుకలో ఎక్కువ పాలిప్‌లు చిన్నపేగులో వస్తాయి. మనిషిలో చికిత్స లేకపోతే నలభై ఏళ్ల ప్రాంతంలో దాదాపు అందరిలో పాలిప్ క్యాన్సర్‌గా మారుతుంది. ఎలుక ఆ దశ దాకా బతకదు, కొన్ని నెలలకే రక్తహీనతతోనో పేగు మూసుకుపోయో చనిపోతుంది. పైగా అదే మ్యుటేషన్‌ను మరో జాతి ఎలుకలోకి తీసుకెళితే పాలిప్‌ల సంఖ్య బాగా పడిపోతుంది. ఇది లోపంగా కనిపించినా, దాని వల్లే పాలిప్‌ల సంఖ్యను ప్రభావితం చేసే మరో జన్యు ప్రాంతం బయటపడింది. ఒకే మ్యుటేషన్ ఉన్న అన్నదమ్ముల్లో ఒకరికి జబ్బు తీవ్రంగా, ఇంకొకరికి మెల్లగా రావడానికి కారణాలు వెతికేవారికి అదొక ఆధారం.

కోరిన చోట, కోరిన రోజున

పుట్టుకతో ఒంటి నిండా మార్పు ఉన్న ఎలుక మామూలు పెద్దపేగు క్యాన్సర్ రోగికి సరైన పోలిక కాదు. ఎక్కువమంది రోగులకు ఏ వంశపారంపర్య లోపమూ ఉండదు. నడివయసులో ఎక్కడో ఒక కణంలో తప్పు జరుగుతుంది. దాన్ని అనుకరించడానికి క్రీ-లాక్స్ పద్ధతి వచ్చింది. తీసేయాల్సిన జన్యువు భాగానికి రెండు వైపులా లాక్స్ అనే చిన్న డీఎన్‌ఏ గుర్తులు పెడతారు. బ్యాక్టీరియాను తినే ఒక వైరస్ నుంచి తీసుకున్న క్రీ అనే ఎంజైమ్ ఆ గుర్తుల మధ్య భాగాన్ని కత్తిరించేస్తుంది. క్రీ ఏ కణంలో తయారైతే అక్కడే కత్తిరింపు. విలిన్ అనే జన్యువు స్విచ్‌కు క్రీని తగిలిస్తే పేగు పొర అంతటా పనిచేస్తుంది, సీడీఎక్స్2 స్విచ్‌కు తగిలిస్తే పెద్దపేగు వైపు మొగ్గుతుంది. టామాక్సిఫెన్ అనే మందు ఇచ్చినప్పుడే పనిచేసే క్రీ కూడా ఉంది, దానితో రోజు కూడా ఎంచుకోవచ్చు. ఎలుకలో ఫలానా జన్యువునే గురిపెట్టి మార్చే మూల పద్ధతికి మారియో కపెక్కి, మార్టిన్ ఎవాన్స్, ఆలివర్ స్మితీస్‌లకు 2007లో నోబెల్ వచ్చింది.

దీనివల్ల ఏం తెలిసిందో ఒక్క ఉదాహరణ చాలు. 2009లో నెదర్లాండ్స్‌లోని హాన్స్ క్లెవర్స్ బృందం క్రిప్ట్ అడుగున ఉన్న మూలకణాల్లో మాత్రమే ఏపీసీని తీసేసి చూసింది. వారాల్లోనే పెరిగే కణితులు వచ్చాయి. మూలకణ దశ దాటి పైకి జరుగుతున్న కణాల్లో అదే జన్యువు తీసేస్తే చిన్న చిన్న గడ్డలు వచ్చి చాలావరకు అక్కడే ఆగిపోయాయి. అదే జన్యువు, అదే పేగు. తప్పు ఏ కణంలో జరిగిందన్నదే ఫలితాన్ని మార్చింది. ఇది మనిషిని పరీక్షించి తెలుసుకోగలిగేది కాదు. రోగి డాక్టర్ దగ్గరికి వచ్చేసరికి ఆ మొదటి కణం ఆనవాలు పోయి ఏళ్లు గడుస్తుంది.

ఖర్చు ఎందుకు ఎక్కువో లెక్క వేస్తే తెలుస్తుంది. లాక్స్ గుర్తులు పెట్టిన ఏపీసీ, పీ53 రెండూ ఒక్కో ప్రతి చొప్పున ఉన్న మగ, ఆడ ఎలుకలను జతకట్టించారనుకుందాం. వాటిలో ఒకదానికే క్రీ ఉంది, అదీ ఒక్క ప్రతే. పుట్టే పిల్లకు ఏపీసీ రెండు ప్రతులూ గుర్తులున్నవే అయ్యే అవకాశం నాలుగింట ఒకటి, పీ53కీ నాలుగింట ఒకటి, క్రీ రావడానికి రెండింట ఒకటి. మొత్తం 32లో ఒకటి. ఒక ఈతలో ఆరు నుంచి ఎనిమిది పిల్లలు పుడతాయి. అంటే సగటున నాలుగైదు ఈతలకు ఒక్క పనికొచ్చే ఎలుక. దానికి కేరాస్ మార్పు కూడా కలపాలంటే 64లో ఒకటి అవుతుంది. ప్రయోగానికి పది, పది చొప్పున రెండు గుంపులు కావాలంటే ఎన్ని బోనులు, ఎన్ని నెలలు కావాలో ఊహించుకోవచ్చు. పేపర్లో 'ఎలుకలపై చేసిన ప్రయోగంలో' అని రెండు ముక్కల్లో తేలిపోయే చోట ఒక పీహెచ్‌డీ విద్యార్థి రెండు మూడేళ్లు ఉంటాయి.

ఈ భారం తగ్గించే దారి, డీఎన్‌ఏను కోరిన చోట కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతి వల్ల దొరికింది. 2017లో రెండు వేర్వేరు బృందాలు ఎలుకకు సన్నని కొలనోస్కోప్ (పేగు లోపల చూసే కెమెరా గొట్టం) పెట్టి, పెద్దపేగు గోడలో ఒక చోట సూదితో పని కానిచ్చే పద్ధతులు చూపించాయి. ఒక పద్ధతిలో క్రిస్పర్‌ను మోసే వైరస్‌ను గోడలోకి ఎక్కిస్తారు, ఇంకోదానిలో ప్రయోగశాలలో జన్యువులు మార్చిన పేగు కణాలను నాటుతారు. తరాల తరబడి జతకట్టించే పని చాలావరకు తప్పింది. కణితి కూడా సరైన చోట, ఒకటే వస్తుంది. తర్వాత అదే కొలనోస్కోప్‌తో వారం వారం దాని సైజు చూడొచ్చు.

లెక్కపెట్టే పని

'పాలిప్‌లు 60 శాతం తగ్గాయి' అన్న వాక్యంలోని అంకె ఎలా పుడుతుందో తెలిస్తే దాన్ని ఎంత నమ్మాలో కూడా తెలుస్తుంది. పిల్ల ఎలుకలకు మూడు వారాల వయసులో చెవి అంచు నుంచో తోక చివర నుంచో చిన్న ముక్క తీసి, పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్ష చేసి, ఏది ఏ జన్యువుతో పుట్టిందో తేలుస్తారు. ప్రయోగం చివర ఎలుకను చంపి పేగు మొత్తం బయటకు తీసి, చల్లని ద్రావణంతో లోపల కడిగి, నిలువుగా చీల్చి పరుస్తారు. మిథిలీన్ బ్లూ రంగు పూస్తే మామూలు పొర మీద పాలిప్‌లు విడిగా కనిపిస్తాయి. మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటీ లెక్కపెట్టి, వ్యాసం కొలుస్తారు. తర్వాత ఆ పొడవాటి పేగును పుల్ల చుట్టూ చాప చుట్టినట్టు చుట్టి ఫార్మాలిన్‌లో వేస్తారు. అడ్డంగా కోస్తే పేగు మొదలు నుంచి చివర దాకా ఒకే గాజు పలక మీద సుడిలా కనబడుతుంది. ఇప్పుడు పాథాలజిస్ట్ అది పాలిప్ దశలోనే ఉందా, కండర పొరలోకి దిగిందా చూస్తారు.

లెక్కపెట్టే వ్యక్తికి ఏ ఎలుకకు మందు ఇచ్చారో తెలియకూడదు. తెలిస్తే అర మిల్లీమీటరు బుడిపె పాలిప్‌గా కనబడటమో, కనబడకపోవడమో మనసును బట్టి మారిపోతుంది. మంచి పరిశోధన పత్రంలో ఈ జాగ్రత్త రాసి ఉంటుంది. వార్తలో ఉండదు.

86 శాతం 28 శాతం అయింది

ఎలుక నుంచి మనిషికి నేరుగా వచ్చిన కథల్లో కాక్స్-2ది పూర్తి కథ. జపాన్‌కు చెందిన మకొటో తకెటో బృందం 1996లో ఏపీసీ లోపం ఉన్న ఎలుకలను కాక్స్-2 జన్యువు లేని ఎలుకలతో కలిపి పెంచింది. కాక్స్-2 వాపును పెంచే ఎంజైమ్, నొప్పి మాత్రలు అడ్డుకునేది దాన్నే. మామూలుగా ఒక్కో ఎలుకకు సుమారు 650 ఉండే పాలిప్‌లు కాక్స్-2 పూర్తిగా లేనప్పుడు వంద లోపుకు దిగాయి. అంటే 86 శాతం తగ్గుదల. కాక్స్-2ను అడ్డుకునే సెలెకాక్సిబ్‌ను వంశపారంపర్య పాలిప్‌ల రోగులకు వాడటానికి 1999 డిసెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. దానికి ఆధారమైన పరీక్షలో 77 మంది పాల్గొన్నారు. ఎక్కువ డోసు తీసుకున్న వారిలో ఆరు నెలలకు పాలిప్‌ల సంఖ్య సగటున 28 శాతం తగ్గింది. తర్వాత, మామూలు పాలిప్‌లు మళ్లీ రాకుండా ఈ మందు ఇచ్చిన పెద్ద పరీక్షలో గుండె జబ్బుల ముప్పు పెరిగినట్టు 2004లో బయటపడింది. పాలిప్‌ల జబ్బుకు ఇచ్చిన అనుమతిని 2011లో కంపెనీయే వెనక్కి తీసుకుంది.

ఎలుక అబద్ధం చెప్పిందా? చెప్పలేదు. దాన్ని అడిగిన ప్రశ్న వేరు. ఎలుకలో ఆ జన్యువు పిండంగా ఉన్నప్పటి నుంచే లేదు. రోగికి రోజుకు రెండు పూటల మాత్ర, అదీ పాలిప్‌లు వచ్చిన ఏళ్ల తర్వాత. ఎలుకలన్నీ ఒకే జన్యువులతో, ఒకే మేతతో, ఒకే గదిలో పెరిగాయి; రోగులు ఎవరికి వారే. కొన్ని నెలలే ఉంచే చిన్న వయసు ఎలుక గుండెకు ఏళ్ల తరబడి మందు వాడితే ఏమవుతుందో చెప్పే అవకాశమే లేదు. పాలిప్ పెరగడానికి కాక్స్-2 సాయపడుతుందన్న మూల విషయం మాత్రం నిలబడింది.

మనకు దగ్గరి ఉదాహరణ పసుపు. పసుపులోని కర్‌క్యుమిన్‌ను మేతలో కలిపి ఇస్తే మిన్ ఎలుకల్లో కణితులు 63 శాతం తగ్గాయని 2000లో ఒక అధ్యయనం ప్రకటించింది. ఇప్పటికీ పసుపు పాల వీడియోల వెనక ఇలాంటి అంకెలే ఉంటాయి. వంశపారంపర్య పాలిప్‌లు ఉన్న 44 మందిపై జరిపిన పరీక్ష ఫలితం 2018లో వచ్చింది. రోజుకు 3 గ్రాముల కర్‌క్యుమిన్, ఏడాది పాటు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వారికీ వీరికీ పాలిప్‌ల సంఖ్యలోగానీ సైజులోగానీ తేడా లేదు. పసుపులో కర్‌క్యుమిన్ దాదాపు 3 శాతం అనుకుంటే 3 గ్రాములంటే రోజుకు వంద గ్రాముల పసుపు. కూరలో వేసే చిటికెడు దీని దరిదాపుల్లోకి కూడా రాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1990ల మొదట్లోనే పసుపు మీద పనిచేసింది. పొగతాగేవారి మూత్రంలో మ్యుటేషన్లు తెప్పించే పదార్థాలు పసుపుతో తగ్గుతున్నాయా అని చూసి, తగ్గుతున్నాయని చెప్పింది. అది జాగ్రత్తగా అడిగిన చిన్న ప్రశ్నకు వచ్చిన జవాబు. దాన్ని క్యాన్సర్ చికిత్సగా మార్చింది తర్వాతి ప్రచారమే.

పోలిక కుదిరిన సందర్భం కూడా ఒకటి చెప్పాలి. సులిండాక్ అనే నొప్పి మందును, ఈజీఎఫ్ఆర్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే మందును కలిపి ఇస్తే మిన్ ఎలుకల్లో పాలిప్‌లు బాగా తగ్గాయని 2000లో తేలింది. 2016లో ఇదే తరహా జోడీ, సులిండాక్‌తో ఎర్లోటినిబ్, వంశపారంపర్య రోగుల్లో చిన్నపేగు మొదటి భాగంలోని పాలిప్‌లను తగ్గించింది. మిన్ ఎలుక పాలిప్‌లు ఎక్కువగా చిన్నపేగులోనే వస్తాయి కాబట్టి ఈ పొంతన కాకతాళీయం అనుకోనక్కర్లేదు.

కాలేయానికి పాకే జబ్బు

రోగి ప్రాణం తీసేది చాలాసార్లు పేగులోని గడ్డ కాదు, కాలేయానికి పాకిన క్యాన్సర్. ఏపీసీ ఒక్కటే మార్చిన ఎలుకల్లో ఇలా పాకడం దాదాపు ఉండదు. అందుకే కొత్త ఎలుకల్లో మూడు నాలుగు జన్యువులు ఒకేసారి మారుస్తున్నారు. 2018లో బార్సిలోనాలోని ఎడువర్డ్ బటీయే బృందం ఏపీసీ, కేరాస్, పీ53, టీజీఎఫ్ బీటా అనే సంకేతాన్ని అందుకునే గ్రాహకం నాలుగూ మార్చిన ఎలుకలను తయారు చేసింది. వాటి కణితులు కాలేయానికి పాకాయి. లోపల చూస్తే క్యాన్సర్‌ను చంపాల్సిన టీ కణాలు గడ్డ అంచు దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. చుట్టూ ఉన్న కణజాలంలోని టీజీఎఫ్ బీటా సంకేతమే వాటిని ఆపుతోంది. దాన్ని అడ్డుకుంటే టీ కణాలు లోపలికి వెళ్లాయి, ఇమ్యునోథెరపీ కూడా పనిచేసింది. 2019లో గ్లాస్గోలోని ఓవెన్ శాన్సమ్ బృందం నాచ్ అనే మరో సంకేత మార్గం చురుకైనప్పుడు కూడా క్యాన్సర్ ఇలాగే పాకుతుందని చూపించింది.

డోస్టార్లిమాబ్ 12 మందిలో పనిచేసి మిగతా వారిలో ఎందుకు పనిచేయదో అర్థం కావడానికి ఇలాంటి ఎలుకలే సాయపడుతున్నాయి. డీఎన్‌ఏ మరమ్మతు చెడిన కణితిలో వేలకొద్దీ మ్యుటేషన్లు ఉంటాయి, కాబట్టి రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదిగా గుర్తిస్తుంది. మిగతా ఎక్కువమంది రోగుల కణితులు అలా ఉండవు. నాలుగు జన్యువుల ఎలుక ఆ ఎక్కువమందిని పోలి ఉంటుంది. అయితే ఆ బార్సిలోనా ప్రయోగంలో టీజీఎఫ్ బీటాను అడ్డుకోవడానికి వాడిన గాలునిసెర్టిబ్ మందు ఇప్పటిదాకా మార్కెట్లోకి రాలేదు. కారణం దొరకడం, మందు దొరకడం రెండు వేర్వేరు పనులు.

ఎలుక పేగులో బతికే బ్యాక్టీరియా ఇంకో చిక్కు. ఎలుకలు తమ పెంటికలు తామే తింటాయి, ఒకే బోనులోని ఎలుకల సూక్ష్మజీవులు ఒకేలా తయారవుతాయి. మందు గుంపును ఒక బోనులో, మందులేని గుంపును ఇంకో బోనులో ఉంచితే తేడా మందుదో, బోనుదో చెప్పలేం. ఫ్యూసోబ్యాక్టీరియం అనే నోటి బ్యాక్టీరియా మిన్ ఎలుకల్లో కణితులను పెంచుతుందని 2013లో తేలినప్పటి నుంచి దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవడం లేదు.

హైదరాబాద్ నుంచి చూస్తే

ఉప్పల్‌లోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం (సీడీఎఫ్‌డీ) శాస్త్రవేత్తలు దశాబ్దం కిందటే ఒక విషయం బయటపెట్టారు. చిన్న వయసులో పెద్దపేగు, ముఖ్యంగా పురీషనాళ క్యాన్సర్ వచ్చిన భారతీయ రోగుల కణితులను పరిశీలిస్తే, చాలావాటిలో వింట్ మార్గం చురుగ్గా ఉన్న ఆనవాళ్లు కనిపించలేదు. డీఎన్‌ఏ మరమ్మతు లోపంతో కూడా వాటిని వివరించలేకపోయారు. అంటే పాఠ్యపుస్తకంలోని రెండు పెద్ద దారుల్లోనూ ఇమడని జబ్బు అది.

ఇక్కడే ఎలుకల విషయం మన దాకా వస్తుంది. మిన్ మొదలు బార్సిలోనా ఎలుక దాకా పైన చెప్పుకున్న ముఖ్యమైన ఎలుకల్లో ఎక్కువ వాటికి పునాది ఏపీసీ. ఏపీసీతో మొదలుకాని క్యాన్సర్‌కు ఆ ఎలుకలో గెలిచిన మందు గెలుస్తుందని అనుకోవడానికి ఆధారం తక్కువ. భారత్‌లో పెద్దపేగు క్యాన్సర్ రేటు పాశ్చాత్య దేశాలకంటే తక్కువే. కానీ రోగుల్లో 50 ఏళ్ల లోపువారి వాటా ఎక్కువగా కనిపిస్తుంది. దేశ జనాభాలోనే యువత ఎక్కువ కాబట్టి ఇందులో కొంత వయసుల లెక్క వల్ల వచ్చిందే, అంతా జబ్బు స్వభావం అనుకోకూడదు. మలంలో రక్తం పడితే మొలలే అనుకుని ఏళ్లు గడిపేసే అలవాటు వల్ల ముదిరాక తెలియడం మరో సమస్య. దానికి ఏ ఎలుకా జవాబు చెప్పదు, కొలనోస్కోపీయే చెప్పాలి.

నగరంలో ఈ పనికి కావాల్సిన సరంజామా చాలావరకు ఉంది. హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీలో జన్యుమార్పిడి ఎలుకలపై పరిశోధన జరుగుతోంది. తార్నాకలోని పోషకాహార సంస్థ దేశంలోని ప్రయోగశాలలకు దశాబ్దాల పాటు ఎలుకలు సరఫరా చేసింది. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి లాంటి చోట్లకు రెండు తెలుగు రాష్ట్రాల రోగులూ వస్తారు. బయట మే నెల ఎండ ఎంత మండినా ఎలుకల గదిలో 22 డిగ్రీల దగ్గర చల్లదనం, 12 గంటల వెలుతురు, 12 గంటల చీకటి తప్పకూడదు. ఒక రాత్రి ఏసీ ఆగితే నెలల ప్రయోగం పోయినట్టే. కరెంటు బిల్లు కూడా పరిశోధన ఖర్చే.

ప్రతి ప్రయోగానికి ముందు సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ దీన్ని పర్యవేక్షిస్తుంది. ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్ని, ఎంత రక్తహీనత వస్తే ప్రయోగం ఆపి ఎలుకను బాధ లేకుండా చంపేస్తారు అన్నవన్నీ ముందే రాసివ్వాలి. పాదాలు తెల్లబడటం, బరువు తగ్గడం, ముడుచుకుని కూర్చోవడం రోజూ చూసి నమోదు చేస్తారు.

ఎలుక లేకుండా కుదురుతుందా

కొంతవరకు కుదురుతుంది. 2009లో క్లెవర్స్ బృందమే ఒక్క మూలకణం నుంచి గిన్నెలో బుల్లి పేగు ముక్కలను పెంచింది. వీటిని ఆర్గనాయిడ్లు అంటారు. రోగి కణితి నుంచే వాటిని పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూడొచ్చు. అమెరికా 2022 డిసెంబర్‌లో, భారత్ 2023 మార్చిలో తమ నిబంధనలు మార్చి, మందుల పరీక్షల్లో జంతువులకు బదులు ఇలాంటి పద్ధతుల సాక్ష్యం కూడా చెల్లుతుందని చెప్పాయి. సీసీఎంబీ ప్రాంగణంలోని అటల్ ఇంక్యుబేషన్ సెంటర్‌లో మానవ కణాల ఆధారిత నమూనాలపై ప్రత్యేక కేంద్రమే నడుస్తోంది. మందు కణితిని చంపుతుందా అన్న ప్రశ్నకు గిన్నెలోని మనిషి కణం చాలాసార్లు ఎలుక కంటే మంచి సాక్షి. కానీ గిన్నెలో రక్తనాళాలు లేవు, కాలేయం లేదు, గడ్డ అంచు దగ్గర ఆగిపోవడానికి టీ కణాలు లేవు. బార్సిలోనా బృందం చూసింది గిన్నెలో కనిపించేది కాదు. నిజానికి ఆ బృందం కూడా ఎలుక కణితుల నుంచి ఆర్గనాయిడ్లు పెంచి, వాటిని తిరిగి మామూలు ఎలుకల్లో నాటి ఆ ఫలితం రాబట్టింది. రెండూ కలిసి నడుస్తున్న పద్ధతులే.

ఏపీసీతో సంబంధం లేని పురీషనాళ క్యాన్సర్‌కు ఎలుక తయారు చేయాలన్నా దారి బహుశా ఇదే. ముందుగా ఇక్కడి యువ రోగుల కణితుల్లో పదే పదే చెడిపోయి కనిపిస్తున్న జన్యువుల జాబితా కావాలి. వాటిని మామూలు పేగు ఆర్గనాయిడ్‌లో క్రిస్పర్‌తో ఒక్కొక్కటిగా, జంటలుగా మార్చి చూడాలి. నిలదొక్కుకుని పెరిగిన వాటిని కొలనోస్కోప్‌తో ఎలుక పెద్దపేగు చివరి భాగంలో నాటాలి. పురీషనాళం కొలనోస్కోప్‌కు అన్నిటికంటే దగ్గర, కాబట్టి ఈ పనికి అది వీలైన చోటే. అక్కడ ఏపీసీ చెక్కుచెదరకుండా ఉండగానే కణితి పెరిగితే ఆ జన్యువు జబ్బుకు కారణమని గట్టిగా చెప్పొచ్చు. పెరగకపోతే అది రోగి కణితిలో ఊరికే కనబడిన మార్పు అయి ఉండొచ్చు, లేదా దానికి తోడుగా మరో జన్యువు చెడాల్సి ఉండొచ్చు. ఆ తేడా తేలకుండా ఆ జన్యువును గురిపెట్టే మందు కోసం డబ్బు ఖర్చు పెట్టడం తొందరపాటే.